పీచు పొద్దున తినాలా, రాత్రి తినాలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పీచుపదార్థం మీదే ఉన్నాయి. ఏ పూట తింటే బరువు తగ్గుతుంది, పొట్టలో బ్యాక్టీరియాకు ఏ పూట మంచిది అని అడిగారు. అందుకే మిగతా ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి, ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నా వయసు 46. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 78 కిలోలు. పొద్దున నాలుగు ఇడ్లీలు, పల్లీ చట్నీ తింటాను. మధ్యాహ్నం అన్నం, పప్పు, ఏదో ఒక కూర. రాత్రి అన్నం మానేసి ఒక ప్లేటు కీరా, క్యారెట్ ముక్కలు తింటున్నాను. సాయంత్రం మాత్రం ఆకలికి ఆగలేక జంతికలో, బిస్కెట్లో తినేస్తున్నాను. పీచు ఉదయం తింటేనే సన్నబడతారని, మంచి బ్యాక్టీరియా కూడా అప్పుడే పెరుగుతుందని మా ఆడపడుచు చదివి చెప్పింది. నిజమేనా? ఫైబర్ పొడి డబ్బా కొని పొద్దున్నే తాగమంటారా?
– ఒక గృహిణి, తణుకు

జవాబు: మీ ఆడపడుచు మాటలో నిజం ఉందమ్మా. డబ్బా మాత్రం కొనకండి, మీ వంటింట్లో అంతకంటే మంచివి ఉన్నాయి.

మనం తిన్న అన్నం, పప్పు, నూనె చాలావరకు చిన్నపేగులోనే అరిగి ఒంటికి పడతాయి. పీచును అరిగించే ఎంజైములు మనకు లేవు. అది అలాగే పెద్దపేగుకు చేరుతుంది. అక్కడుండే లక్షల కోట్ల బ్యాక్టీరియాకు అదే ఆహారం. అవి దాన్ని పులియబెట్టి అసిటేట్, ప్రొపియొనేట్, బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తాయి. వీటిలో బ్యూటిరేట్ పెద్దపేగు గోడ కణాలకు ఇంధనం. ఈ ఆమ్లాలు తగిలినప్పుడు పేగులోని కొన్ని కణాలు జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లను వదులుతాయి. కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేర్చేవాటిలో ఇవి ముఖ్యమైనవి. ఇప్పుడు అందరూ మాట్లాడుకుంటున్న బరువు తగ్గే ఇంజెక్షన్లు అనుకరించేది ఆ జీఎల్‌పీ-1నే. పీచుకు ఇంజెక్షనంత బలం ఉండదు గానీ దారి అదే.

ఇక వేళ సంగతి. తిన్నది పెద్దపేగుకు చేరడానికి సుమారు నాలుగు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. ఉదయం ఎనిమిదింటికి తిన్న పీచు మీద బ్యాక్టీరియా పని మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా సాగుతుంది. అంటే మీరు అన్నం తినే వేళా, జంతికల డబ్బా తీసే వేళా రెండూ అందులోనే వస్తాయి. రాత్రి తొమ్మిదింటికి తిన్నదాని పని మీరు నిద్రలో ఉండగా జరుగుతుంది.

బ్యాక్టీరియాకూ పగలూ రాత్రీ ఉన్నాయి. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2014లో ఎలుకల మీద ఈ విషయం చూపించారు. ఎలుక తినే వేళను బట్టి దాని పేగులో కొన్ని జాతుల బ్యాక్టీరియా ఒక పూట పెరిగి మరో పూట తగ్గుతున్నాయి. ఎలుక శరీర గడియారం, అంటే పగలూ రాత్రీ వేళను ఒంటికి తెలిపే లోపలి ఏర్పాటు, చెడిపోతే ఆ లయ కూడా పోయింది. మళ్ళీ వేళకు తిండి పెడితే తిరిగి వచ్చింది. జపాన్‌లోని వసేదా విశ్వవిద్యాలయం వాళ్ళు 2018లో ఇంకో సంగతి చెప్పారు. పీచు నుంచి బ్యాక్టీరియా తయారుచేసే ఆమ్లాలు ఎలుకల కాలేయం, మూత్రపిండాల్లోని గడియారాలను సరిచేయగలవట. మనం వేళకు తింటే బ్యాక్టీరియా వేళకు పనిచేస్తుంది, అది పనిచేస్తే మన అవయవాలకు వేళ తెలుస్తుంది. నాకు ఈ మొత్తం శాస్త్రంలో అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇదే.

మనుషుల మీద కూడా చూశారు. 2020లో ఆ జపాన్ పరిశోధకులే 65 ఏళ్ళు దాటిన వాళ్ళకు ఇన్యులిన్ అనే పీచు బాగా ఉండే ఒక దుంప పొడిని ఇచ్చారు. కొందరికి ఉదయం ఆహారంతో, కొందరికి రాత్రి భోజనంతో, ఒక వారం పాటు. రెండు గుంపుల్లో ఉదయం తీసుకున్న వాళ్ళకే రోజంతా షుగర్ తక్కువగా ఉంది, పేగు బ్యాక్టీరియాలో మార్పు కూడా వాళ్ళకే ఎక్కువ. స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయంలో బరువు ఎక్కువగా ఉన్న కొద్దిమందికి రోజు ఆహారంలో పెద్ద వాటాను ఉదయమే పెట్టి, ఒక విడత పీచు ఎక్కువగా, ఇంకో విడత ప్రోటీన్ ఎక్కువగా ఇచ్చి చూశారు. పీచు విడతలో బరువు కొంచెం ఎక్కువ తగ్గింది, బ్యూటిరేట్ తయారుచేసే బ్యాక్టీరియా పెరిగింది. ఆకలి అణగడంలో మాత్రం ప్రోటీన్‌దే పైచేయి. ఇవన్నీ చిన్న అధ్యయనాలు. వీటిని పట్టుకుని ఉదయం పీచు తింటే చాలు కరిగిపోతారని నేను చెప్పను.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇజ్రాయెల్‌లోనే 2013లో జరిగిన ఒక అధ్యయనంలో రోజుకు 1400 కేలరీలు తిన్న ఆడవాళ్ళలో, ఉదయం ఎక్కువ తిన్నవాళ్ళు 12 వారాల్లో సగటున 8.7 కిలోలు తగ్గారు. రాత్రి ఎక్కువ తిన్నవాళ్ళు 3.6 కిలోలే తగ్గారు. ఈ లెక్క చాలా ప్రచారమైంది. తరువాత 2022లో అబర్డీన్ వాళ్ళు ప్రతి ముద్దా తామే కొలిచి పెట్టి చూస్తే ఉదయం ఎక్కువ తిన్నా, రాత్రి ఎక్కువ తిన్నా బరువు ఒకేలా తగ్గింది. తేడా కనిపించింది ఆకలిలో. ఉదయం ఎక్కువ తిన్నప్పుడు రోజంతా ఆకలి తక్కువ. కొలిచి పెట్టేవాళ్ళు లేని మన ఇళ్ళలో ఆ తేడా చిన్నది కాదమ్మా. మీ సాయంత్రం జంతికలకు కారణం మీ ఉదయం టిఫినే అని నా నమ్మకం.

ఇప్పుడు మీ ప్లేటు చూద్దాం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కల్లో 2000 కేలరీల ఆహారానికి రోజుకు 30 గ్రాముల పీచు ఉండాలి. మీ నాలుగు ఇడ్లీల్లో ఉన్నది మూడు, నాలుగు గ్రాములు. వంద గ్రాముల తెల్లబియ్యంలో మూడు గ్రాములు కూడా లేవు. రాత్రి తింటున్న ముక్కల్లో పీచు బోలెడు ఉందనుకుంటున్నారు గానీ కీరాలో నీళ్ళే ఎక్కువ. ప్లేటు మొత్తం మీద నాలుగైదు గ్రాములు వస్తే గొప్ప. అంటే మీకు ఏ పూటా పీచు సరిగా అందడం లేదు. వేళ గురించి ఆలోచించేముందు ఇది సరిచేసుకోవాలి, అదీ ఉదయం నుంచే.

గోదావరి జిల్లాలో ఉండి పెసరట్టును పండగలకూ హోటళ్ళకూ వదిలేశారా? పొట్టుతో ఉన్న పెసలు వంద గ్రాములకు 17 గ్రాముల పీచు. మీ ఒక్కరికి 50 గ్రాములు నానబోస్తే రెండు అట్లు వస్తాయి, ఎనిమిది గ్రాములకు పైగా పీచు, దాంతో పాటే ప్రోటీన్. పొట్టు కడిగి పారబోయకండి. లోపల ఉప్మా వద్దు, నూనె చెంచాతో కొలిచి వేయండి. వారంలో మూడు రోజులు ఇది. మిగతా రోజుల్లో ఇడ్లీయే చేసుకోండి, కానీ మినప్పప్పు బదులు పొట్టు మినుములు నానబోసి, ఇడ్లీ రవ్వలో సగం జొన్న రవ్వ కలపండి. రంగు నల్లగా వస్తుంది, ఇంట్లో మొదట మొహం చిట్లిస్తారు. అల్లం చట్నీతో పెడితే అలవాటవుతుంది. మా ఇంట్లో అలాగే అలవాటైంది. ఇడ్లీలు రెండు తగ్గించి, సాంబారులో మునక్కాయ, గోరుచిక్కుడు, గుమ్మడి ముక్కలు గరిటె నిండా వేసుకోండి.

సాయంత్రానికి ఒక జామకాయ పెట్టుకోండి. వంద గ్రాముల జామలో ఎనిమిదిన్నర గ్రాముల పీచు ఉంది. మన నేల మీద ఇంత చవకగా, ఇంత పీచుతో దొరికే పండు ఇంకొకటి నాకు తెలియదు. యాపిల్ కోసం డబ్బు తగలేయకండి. రాత్రి వట్టి ముక్కలతో సరిపెట్టుకోవద్దు. ఒక జొన్నరొట్టె, ఆకుకూర పప్పు తిని ఎనిమిదింటికల్లా ముగించండి.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఇన్నాళ్ళూ పీచు అందని పేగుకు ఒక్కరోజులో 30 గ్రాములు పడితే గ్యాస్, ఉబ్బరం వస్తాయి, "ఇది నాకు పడదు" అని మానేస్తారు. వారానికి ఒక మార్పు చాలు. నీళ్ళు కూడా పెంచండి, లేకపోతే మలబద్ధకం తగ్గే బదులు పెరుగుతుంది.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ని. వయసు 67. పదేళ్ళుగా షుగర్. రాత్రి రెండు జొన్నరొట్టెలు, కూర తింటాను. రాత్రి పీచు తింటే అరగక పొట్టలో కుళ్ళిపోతుందని, రాత్రికి జావలాంటివే తాగాలని మావాళ్ళు పోరుతున్నారు. పొద్దుటి షుగర్ ఎక్కువగా ఉండటానికి కూడా ఇదే కారణమా?
– నంద్యాల నుంచి ఒక పాఠకుడు

జవాబు: మాస్టారూ, మీ జొన్నరొట్టెలు మానకండి. పీచు కుళ్ళిపోదు, పులుస్తుంది, ఆ పులియడం మనకు కావలసిందే. ఉదయం పీచు మంచిదని పైన రాశాను కదా అని రాత్రి పీచు చెడ్డదనుకుంటే పొరపాటు.

స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు చాలాకాలంగా ఈ పని మీదే ఉన్నారు. రాత్రి భోజనంలో ఉడికించిన బార్లీ గింజలు తిన్నవాళ్ళకు, మర్నాడు ఉదయం టిఫిన్ తరువాత షుగర్ తక్కువగా పెరిగింది. తెల్ల బ్రెడ్ తిన్నవాళ్ళకు ఆ మేలు లేదు. రాత్రంతా పేగులో జరిగిన పులియడమే దానికి కారణమని వాళ్ళ అంచనా. 2015లో మరో అడుగు ముందుకు వేసి, బార్లీ వల్ల బాగా మేలు పొందినవాళ్ళ పేగుల్లో ప్రెవొటెల్లా అనే బ్యాక్టీరియా పెరిగిందని కనిపెట్టారు. ధాన్యాలు, పప్పులు ఎక్కువగా తినే మనవాళ్ళ పేగుల్లో బాగా కనిపించేది కూడా ఈ ప్రెవొటెల్లాయే. అంతకు చాలా ముందు, 1982లోనే, కెనడాలో జెంకిన్స్ అనే పరిశోధకుడి బృందం ఉదయం పప్పుధాన్యం తింటే మధ్యాహ్నం భోజనం తరువాత కూడా షుగర్ నెమ్మదిగా పెరుగుతుందని చెప్పింది. ఒక పూట తిన్న పీచు తరువాతి పూటకు కూడా పనికొస్తుందన్నమాట. ఉదయానిది మధ్యాహ్నానికి, రాత్రిది మర్నాటి ఉదయానికి.

జావ తాగమన్న సలహా మీకు సరిపడదు. పిండిని మెత్తగా కాచి పలచగా తాగితే అది త్వరగా అరిగి షుగర్ త్వరగా పెరుగుతుంది. అదే రాగులతో, అదే జొన్నలతో చేసిన సంకటో, రొట్టో అయితే కాస్త నెమ్మది. షుగర్ ఉన్నవాళ్ళు ఆరోగ్యమనుకుని గ్లాసులకు గ్లాసులు రాగి జావ తాగడం ఆసుపత్రిలో పనిచేసినన్నాళ్ళూ చూసి బాధపడ్డాను.

మీరు మార్చుకోవలసింది తినే వరుస. ముందు కూర, ఆకుకూర, పప్పు తినండి. రొట్టె చివర. న్యూయార్క్‌లోనూ జపాన్‌లోనూ షుగర్ రోగుల మీద ఇది చూశారు. అదే భోజనం, అంతే పరిమాణం; కూరగాయలు ముందు, పిండిపదార్థం చివర తింటే భోజనం తరువాతి షుగర్ బాగా తగ్గింది. పైసా ఖర్చు లేదు.

పొద్దుటి షుగర్ మీ రొట్టెల వల్లే అనుకోకండి. తెల్లవారుజామున కాలేయం తనంతట తాను చక్కెరను వదులుతుంది, షుగర్ ఉన్న చాలామందిలో అది ఎక్కువగా జరుగుతుంది. మందుల వేళ, మోతాదు మార్చాలేమో మీ డాక్టరును అడగండి. రాత్రి భోజనం పదింటికి చేస్తుంటే మాత్రం ఏడున్నర, ఎనిమిదికి తెండి.

ప్రశ్న: మా అబ్బాయి గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమెరికా వాళ్ళ టైము ప్రకారం నైట్ షిఫ్ట్. రాత్రి ఒంటిగంటకు ఆఫీసు క్యాంటీన్‌లో బిర్యానీయో, నూడుల్సో తింటాడు. రెండేళ్ళలో బాగా లావయ్యాడు. పొద్దున తినే పీచు వాడికి ఏ పూట పెట్టాలి? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మీ దిగులు నాకు అర్థమవుతోందమ్మా. ఈ ఉద్యోగాల్లో ఉన్న పిల్లల ఒళ్ళు ఇలా మారిపోవడం చూస్తుంటే నాకూ బాధే. ఇందులో వాడి తిండియావ ఒక్కటే కారణమని తిట్టకండి.

పైన చెప్పిన వైజ్‌మన్ పరిశోధకులే ఒక ప్రయోగం చేశారు. అమెరికా నుంచి ఇజ్రాయెల్‌కు విమానంలో వచ్చిన ఇద్దరి మలం నమూనాలను ప్రయాణానికి ముందు, రాగానే, కోలుకున్నాక సేకరించి, ఒంట్లో బ్యాక్టీరియా లేని ఎలుకలకు ఎక్కించారు. పగలూ రాత్రీ తారుమారైన రోజుల నాటి నమూనా ఎక్కించిన ఎలుకలు ఎక్కువ లావెక్కాయి, వాటి షుగర్ కూడా పెరిగింది. కోలుకున్నాక తీసినదానితో ఆ తేడా లేదు. నాకు ఇందులో ఆశ కనిపిస్తుంది: వేళ కుదుటపడితే బ్యాక్టీరియా కూడా కుదుటపడుతుంది.

2021లో బోస్టన్‌లో ఇంకో పని చేశారు. కొంతమంది ఆరోగ్యవంతులను రాత్రి షిఫ్ట్ చేసేవాళ్ళలా మేలుకొని ఉంచారు. రాత్రి కూడా తిన్నవాళ్ళకు షుగర్ అదుపు చెడింది. మేలుకొని ఉన్నా పగలు మాత్రమే తిన్నవాళ్ళకు చెడలేదు. కాబట్టి మీ అబ్బాయికి నా సలహా: పెద్ద భోజనం డ్యూటీకి వెళ్ళేముందు, సాయంత్రం ఆరు, ఏడు మధ్య. పీచు దండిగా ఉండాల్సింది అప్పుడే. ముడిబియ్యం అన్నమో, రొట్టెలో, గోంగూర పప్పో తోటకూర పప్పో, ఒక వేపుడు కాని కూర. అర్ధరాత్రి నుంచి తెల్లవారి ఆరు వరకు నీళ్ళు, మజ్జిగ తప్ప ఏమీ వద్దు. మరీ ఆగలేకపోతే డబ్బాలో ఉడికించిన శనగల గుగ్గిళ్ళు తీసుకెళ్ళమనండి, అవీ గుప్పెడే. వంద గ్రాముల ఎండు శనగల్లో 25 గ్రాముల పీచు ఉంది, దానికి దగ్గరగా వచ్చేవి మన ఇళ్ళలో చాలా తక్కువ. పొద్దున ఇంటికి వచ్చాక చిన్న టిఫిన్ తిని పడుకోవచ్చు. సెలవు రోజుల్లో కూడా భోజనం వేళలు మరీ అటూ ఇటూ చేయవద్దనండి. ఇదంతా కష్టమే. వీలైతే షిఫ్ట్ మార్పించుకోమని కూడా చెప్పండి, ఆరోగ్యం కోసం అలా అడగడం తప్పు కాదు.

ప్రశ్న: చద్దన్నంలో పీచు పెరుగుతుందని, పొద్దున్నే తింటే బరువు తగ్గుతారని అంటున్నారు. ఎంతవరకు నిజం?
– శ్రీకాకుళం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: కొంత నిజం. అన్నం చల్లారినప్పుడు అందులోని కొంత పిండి అరగని రూపంలోకి మారుతుంది. అది కూడా పీచులాగే పెద్దపేగుకు వెళ్ళి బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది. కానీ ఎంత? వేడి అన్నంలో వంద గ్రాములకు 0.64 గ్రాములున్న ఈ పిండి, ఒక రోజంతా ఫ్రిజ్‌లో ఉంచి మళ్ళీ వేడిచేస్తే 1.65 గ్రాములైందని ఇండోనేషియాలో కొలిచారు. పెరుగుదల ఉంది గానీ, కంచం నిండా చద్దన్నం పెట్టుకోవడానికి అది సాకు కాదు. పెరుగు కలిపి, పచ్చి ఉల్లిపాయతో ఒక కప్పు తినండి, పక్కన గుప్పెడు ఉడికించిన బొబ్బర్లు ఉంటే అప్పుడది మంచి టిఫిన్. ఎండాకాలంలో అన్నం రాత్రంతా బయట వదిలేయకండి. వాంతులు, విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా అందులో పెరుగుతుంది, మళ్ళీ వేడిచేసినా అది వదిలిన విషం పోదు.

ప్రశ్న: నాకు థైరాయిడ్ ఉంది. పొద్దున మాత్ర వేసుకుని, వెంటనే గోరువెచ్చని నీళ్ళలో ఇసబ్‌గోల్ కలుపుకుని తాగుతున్నాను. బరువు తగ్గడానికి ఉదయమే మంచిదన్నారు.
– కరీంనగర్ నుంచి ఒక ఉద్యోగిని

జవాబు: ఇది వెంటనే మార్చుకోండమ్మా. పీచు ఎప్పుడు తీసుకోవాలన్నది నిజంగా గట్టిగా పట్టించుకోవలసిన చోటు ఇదే. ఇసబ్‌గోల్ కూడా ఒక రకం పీచే, అది నీళ్ళలో జిగురుగా మారి మందును పట్టేసుకుంటుంది, మాత్ర ఒంటికి సరిగా పట్టదు. మీ టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందు చాలుతోందో లేదో రక్తపరీక్షలో చెప్పే అంకె) పెరిగిందని డాక్టరు మోతాదు పెంచుతూ పోతారు, అసలు కారణం మీ గ్లాసులో ఉంటుంది. థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్ళతో వేసుకోండి. కాఫీ, టిఫిన్ అరగంట నుంచి గంట తరువాత. ఇసబ్‌గోల్, క్యాల్షియం, ఐరన్ మాత్రలకు కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. మీరు ఇసబ్‌గోల్‌ను సాయంత్రానికి మార్చుకోండి, ఆరు వారాల తరువాత టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకుని డాక్టరుకు ఈ సంగతి చెప్పండి.

ఇంకొకటి. ఇసబ్‌గోల్ మలబద్ధకానికి మంచి మందే, కొలెస్ట్రాల్‌కూ కొంత పనిచేస్తుంది. కానీ పేగు బ్యాక్టీరియా దాన్ని పెద్దగా పులియబెట్టలేదు. మీరు ఆశిస్తున్న ఆ చిన్న ఆమ్లాలు రావాలంటే పప్పులు, గింజధాన్యాలు, ఆకుకూరలు, పళ్ళు తినాలి. అయినా తాగుతానంటే ఒక చెంచాకు పెద్ద గ్లాసు నీళ్ళు తప్పనిసరి. మింగడం కష్టంగా ఉండే పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళకు మాత్రం డాక్టరును అడగకుండా ఇవ్వకండి, గొంతులో అడ్డుపడుతుంది.